తార మేడం పోగులు, నా ముడులు

గట్ల ఫోను పట్టుకొని నా మొఖం దిక్కు చూడకు రమ్యక్కా. సారుకు రాస్తనంటే రాయి, నేను అద్దంటున్ననా? గాని "కల్పన పాడు చేసింది" అని రాస్తె అబద్ధమైతది. నేను పాడు చెయ్యలే, బాగు చేసిన. గదే గదా మీరంత తప్పంటున్నది.

అసలు గీ ఎండలల్ల మనల్ని ఎవలు తిరుగుమన్నరు? మనం చేసేటియి పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు. కొత్త రకం కళ చూస్తె మన డిజైన్లు మారుతయని ప్రెస్సు ఓనరు కరుణాకర్ రావు సారుకు ఆశ. అందుకే ఐతారం ఐతారం బండి పెట్టవట్టె. మారినయా మరి?

జగిత్యాలల పాత టైర్ల కుర్చీ చూసినం. నేను కూసున్న. అది కూసునేది కాదట, చూసేదట. కుర్చీని చూసుడేందక్కా? కోరుట్లల తెల్ల బట్ట మీద ఒక్కటే ఎర్ర చుక్క. మన ఫ్లెక్సీ మిషిన్ ప్రకాశన్న "పాపం, మిషిన్ హెడ్డు కడగలే, ఇంకు కారింది" అన్నడు. నువ్వు గూడ నవ్వినవు.

ఇగ నిన్న సిరిసిల్ల. మూతపడ్డ మరమగ్గాల సాంచాల షెడ్డుల ఆర్టిస్టు తార మేడం కట్టింది చూసినం. దూలాల నుంచి నేలదాంక పోగులు, తెల్లయి, పసుపుయి, మూడు వందలు. రేకుల సందులకెళ్ళి ఎండ పడుతుంటె, వాన వచ్చుకుంట వచ్చుకుంట నడుమల ఆగి మనల్ని చూస్తున్నట్టున్నది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయక్కా.

గాని ప్రతి పోగు నడుమల తెగి, కింది ముక్క నేల మీద వాలి ఉన్నది.

మాది తంగళ్ళపల్లి. మా బాపు ఓదెలు కల్లు గీసుడు ఇడిసి సాంచాలకాడ చేరిండు, అమ్మ కండెలు చుట్టేది. తెగిన పోగు కనవడ్డంక చేతులు కట్టుకొని నిలవడితె మా ఇంట్ల దెబ్బలు పడేటియి. అన్నం తినుకుంట లేచి ముడేసినోళ్ళం మేము. గోడ మీద కార్డు ఉన్నదట, గా తెగుడే అసలు బొమ్మ అని. నేను పోగులు చూస్తనా, కార్డు చదువుతనా?

మేడం భోజనానికి పోయె. మీరేమో బయట నీడకు సద్దులు ఇప్పుకుంటిరి. ఒక్కటి ముడేసిన. గంతే.

మేడం తిరిగొచ్చి చూసి నేల మీద కూలవడ్డది. ఐదింటికి జనం వస్తరు, చూస్తె తెగిన పోగు ఒక్కటి లేదు. నేను పక్కకు నిలవడి "గట్టిగనే ఏసిన మేడం, గుంజినా ఊడయి" అన్న. మెచ్చుకుంటదనుకున్న.

రాత్రికే సారు వాట్సాప్ గ్రూపుల పెట్టిండు. వచ్చే ఐతారం హైదరాబాదు బండిల కల్పన ఉండద్దు, రమ్య వివరం రాసి పంపాలె అని. దాని కింద నవీన్ బొటనవేలు గుర్తు పెట్టిండు. పెట్టిండా లేదా? కొత్తగ చేరినోడు, ఉంగరాల జుట్టోడు, గాయినెనే.

ఏంది? నడుమల నవీన్ ఎందుకచ్చిండంటవా? మూడు వందలు ఒక్కదాన్నే ఎట్లేసిన అంటవా?

...నువ్వు ముందుగాల ఫోను పక్కకు పెట్టు.

మొదటి ముడి అలవాటుకొద్ది ఏసిన, మా అవ్వ తోడు. రెండోది ఏస్తుంటె ఎనుకకెళ్ళి "నీ చేతి ఏళ్ళు ఎంత సక్కగ ఆడుతున్నయి" అన్నడు. ఇగ ఆగుతయా ఏళ్ళు? కొసలు ఆయన పట్టుకున్నడు, నేను ముడేసిన. ముడికొక్కసారి చెయ్యి తాకుతున్నది. మనం అచ్చేసే పెండ్లి కార్డుల మీది మాటలు గూడ నిజమేనేమో అనిపించింది.

గిది రాయకు. ఆయన పేరు సారుకు తెల్వద్దు.

ఇంకొకటున్నది. చెప్తె తిడుతవు. పోగులు ఒడిసినయి. ఆయన చేతులు దులుపుకొని పోబోయిండు. నేను ఆయన చూడకుంట, ముడేసిన పోగునే ఇంకోకాడ పుటుక్కున తెంపిన. "ఇగో, ఇది మర్చినం" అన్న. మళ్ళ కొసలు పట్టుకున్నడు. అట్ల పన్నెండు తెంపిన అక్కా. మేడం తెంపినయి బాగు చేసిననుకో, నేను తెంపినయి ఏ కార్డు మీద రాస్తరు?

ఇగ రాసుకో. నన్ను ఎక్కించకుంటె ఎక్కించకపోతిరి. గాని ఆయన పక్క సీట్ల ఎవ్వలను కూసోవెట్టకు. మంచినీళ్ళ క్యాను పెట్టుండ్రి.