తలుపు చాటున కెప్టెన్

కుట్టుమిషన్ ఆపి, అక్క తన చెల్లెలు రాసిన కొత్త నవలను బల్ల మీద పెట్టింది. ఆవిరి ఓడలు ఆకాశంలో తిరిగే ఆ నవలల వరుసలో అది నాలుగోది.

“ఎలా ఉందక్కా?”

“మొదటిది చదువుతుంటే నాకు తిండి ధ్యాస కూడా లేదే. బొగ్గుపొగ తాగే డ్రాగన్, మరిగే నీళ్లతో ఎగిరే ఓడ... భలే అనిపించింది. మూడోదాంట్లో మాత్రం ఒకటే యుద్ధాలు, బాగా సాగదీశావు.”

“అందరూ అదే అన్నారు. మరి ఇది?”

“ఇందులో ఓడ నడిపే కెప్టెన్ తలుపు చాటున నిలబడి వింటుంది చూడు. ‘బిడ్డ బదులు ఇది పోయినా బాగుండేది’ అని మొగుడు ఆమె గురించి వైద్యుడితో అంటాడు.”

“అక్కా...”

“ఆ మాట నేను విన్నానని నీ ఒక్కదానికే చెప్పుకున్నాను.”

“డ్రాగన్లున్న లోకంలో పెట్టాను కదా, ఎవరు పోల్చుకుంటారులే అనుకున్నా.”

“ఆ మాట అన్న మనిషి పోల్చుకోరూ? మీ బావ నీ పుస్తకం ఒక్కటీ వదలరు.”

“బావ చదివేశారా?”

“పొద్దున ఆ పేజీ దగ్గరే ఆగిపోయారు. చేతిలో టీ చల్లారిపోయింది. ‘ఆ రోజు నువ్వు తలుపు వెనకే ఉన్నావా?’ అని అడిగారు. ఇన్నేళ్లూ తెలియనివ్వకుండా కాపురం చేసుకొచ్చానే!”

“తప్పయిపోయిందక్కా. అది రాస్తూ నేనూ ఏడ్చాను.”

“ఏడ్చి, కళ్లు తుడుచుకుని, అచ్చుకిచ్చావు.”

చెల్లెలు బల్ల మీది పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

“బావకి ఏం చెప్పావు?”

“నీకు చెబుతానా ఇంక?”