తాళాల అప్పగింత

ఖాళీ చేసిన వాటాలో ఇంటావిడ, అద్దెకున్న కుట్టుపని అమ్మాయి.

“మేకు కన్నాలు దేంతో పూడ్చావ్?”

“పళ్ళ పేస్టుతో, పిన్నిగారూ. ఆరితే కనపడవు.”

“నాకు కనపడుతున్నాయి. కుళాయి కూడా కారుతోంది.”

“మేం దిగిన రోజు నుంచీ కారుతోందది. చెబుతూనే ఉన్నాం.”

“ఎవరికి చెప్పావ్? నాకు గుర్తు లేదు.”

“పోనీ దానికీ కోసుకోండి. మిగతా అడ్వాన్స్ ఇచ్చేస్తే బస్సెక్కుతాను. సాయంత్రంలోగా కట్టకపోతే కొత్త ఇంటివాళ్ళు తాళం ఇవ్వరట.”

“ఎవరన్నారు?”

“మా ఆయనే. పొద్దున సామాను వ్యాన్‌తో ముందు వెళ్ళారుగా. నువ్వు అడ్వాన్స్ తీసుకుని రా అన్నారు. ఆ ఊళ్ళో పని దొరికిన దగ్గర్నుంచీ షెడ్డులోనే పడుకుంటున్నారు, పాపం.”

“పాపమే.”

“నోటీసు ఇవ్వలేదని మాత్రం పట్టుకోకండి. మీకు ముందే చెప్పమన్నాను. చెప్పారు కదా?”

“చెప్పాడు. కాగితం మీద రాసిచ్చాడు. అగ్రిమెంటు అతని పేరు మీదేగా.”

“హమ్మయ్య. మరైతే...”

“మరైతే ఏముంది. ఆ రోజే అడ్వాన్స్ పట్టుకెళ్ళాడు.”

“ఏ అడ్వాన్స్?”

“ఎన్ని అడ్వాన్సులిచ్చారేంటి నాకు?”

“అది నా కుట్టు డబ్బు, పిన్నిగారూ. మీ చేతిలో పెట్టింది నేను.”

“ఎవరు పెడితే నాకేం? సంతకం ఎవరిదో వాళ్ళకిచ్చాను.”

“ఉండండి, ఫోన్ చేస్తాను... స్విచ్ఛాఫ్ అంటోంది. దార్లో ఉన్నారేమో.”

“ఉంటాడు, ఉంటాడు.”

“మరి నన్నెందుకు తెమ్మన్నారు? మర్చిపోయారేమో. నా మిషన్ కూడా ఆ వ్యాన్‌లోనే వెళ్ళిపోయింది.”

“అడ్రసుందా నీ దగ్గర?”

“బస్సు దిగి ఫోన్ చెయ్యమన్నారు. మీకేమైనా తెలుసా?”

“ఆ ఇంటావిడ నాకు ఫోన్ చేసిందిలే. ఇల్లిచ్చే ముందు పాత ఓనర్ని అడుగుతారుగా, మనిషి ఎలాంటివాడని. మంచివాడే, అద్దె ఆపడు అన్నాను.”

“అంటే అక్కడ కట్టేశారన్నమాట. నేనే పిచ్చిదాన్ని, ఏదేదో అనుకుని భయపడ్డాను. ఆవిడ నంబరివ్వండి.”

“ఇస్తా. ముందు తాళాలు ఇటివ్వు.”

“ఇదిగోండి.”

“నిన్న కూడా చేసింది ఆవిడ. మొగుడూ పెళ్ళాం దిగి అప్పుడే నెల దాటిందట. మీరన్నట్టే బుద్ధిమంతులండీ అంది.”