వెనక సీటు లేని మంచుబండి

"ఆంటీ, మా ఆయన సునీల్ స్నోమొబైల్ కొందామంటున్నాడు. మీరూ అంకులూ అప్పట్లో తిరిగేవాళ్లంట కదా. మొదటిసారి కొనేవాళ్లు ఏది తీసుకుంటే మంచిది?"

ఎవరు చెప్పేరే నీకు? పాస్టరమ్మగారేనా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కూర్చో, ఆ కోటు తీసెయ్యి ముందు. ఈ నోవై ఊరి చలిలో కోటు తీసి కూర్చుంటేగానీ మనిషి వచ్చినట్టు ఉండదు నాకు. టీ మరుగుతోంది, అల్లం దంచి వేసేను.

ఏది కొనాలని గదా అడిగేవు. ఒక్క ముక్కలో చెప్పొచ్చు, కానీ ఒక్క ముక్కలో చెప్పడం నాకు రాదు సౌమ్యా. మీ అంకుల్ అనేవారు, నీ మాటకి బ్రేకులు పెట్టడం మర్చిపోయేరే అని. ఇంజనీరు గదా, అన్నీ ఆ భాషలోనే.

మేము ఇక్కడికి వచ్చింది రెండువేల ఒకటిలో. కాదు కాదు, రెండు. ఒకటిలో వీసా వచ్చింది, కదిలేసరికి ఏడాది తిరిగింది. ఆయనకి కార్ల విడిభాగాలు డిజైన్ చేసే కంపెనీలో ఉద్యోగం. మా పెద్దది కాలేజీలో చేరి వెళ్లిపోయింది. పెద్దదంటే ఒక్కతేలే, పెద్దదీ చిన్నదీ అదే. ఇంక ఇంట్లో మేమిద్దరం, బయట మంచు.

పాలకొల్లులో మా అత్తవారిల్లు ఎలాంటిదనుకున్నావు? పదిమంది ఉండే ఇల్లు. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోడానికి చోటెక్కడిది? వంటింట్లో తోటికోడలు, వరండాలో మావగారు, గదిలో ఆడపడుచు పిల్లలు. మాకున్నదల్లా స్కూటరు. చర్చికైనా, మార్కెట్టుకైనా, మా పుట్టింటికైనా ఆ స్కూటరే. వెనక ఒకపక్కకి కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టి ఇల్లు చేరేదాకా చెప్పేదాన్ని. ఆయనా చెప్పేవారు. నవ్వకు, మా కాపరం సగం ఆ స్కూటరు మీదే జరిగింది. పెట్రోలు అయిపోతుందని కావాలని దూరం దారిన తిప్పలేక, కాలవ గట్టు మీద బండి నెమ్మదిగా పోనిచ్చేవారు.

ఇక్కడికొచ్చేక ఇల్లు నిండా చోటే. మాటే లేదు. ఆయన లాప్‌టాప్ ముందు, నేను వంటింట్లో. కారెక్కితే ఎవరి బెల్టు వాళ్లది, ఆయన రోడ్డు చూడ్డం, నేను కిటికీ చూడ్డం. దెబ్బలాటేం లేదు, అదే చెప్తన్నాను, దెబ్బలాట కూడా లేదు. దానికైనా మాట్లాడాలి గదా.

అలాంటప్పుడు ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, మనం మంచు మీద నడిచే స్కూటరు కొంటన్నాం అన్నారు. వాళ్ల ఆఫీసులో తెల్లాయన ఎవరో పైన మంచెక్కువ పడే నార్త్‌కి తీసుకెళ్లి చూపించేడంట. స్కూటరు అన్న మాట చెవిన పడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం ఈ వయసులో ఇదేం సరదా అని సణిగేను, ఆయన మానుకోరని తెలిసే సణిగేను.

ఇంక మొదలు చూడు. ఆయన ఏదైనా కొనాలంటే చంపేసేవారు. లాప్‌టాప్‌లో పట్టీలు వేసేరు, బరువెంత, ఇంజనెంత అని. చర్చిలో అందర్నీ అడిగేరు. ఒక్కడికి కూడా ఆ బండంటే ఏంటో తెలీదు, సలహా మాత్రం అందరూ ఇచ్చేరు. ఏమనంటే, పెద్దది తీసుకోండి అన్నగారూ, మళ్లీ మళ్లీ కొంటామా, అన్నిటికీ పనికొచ్చేది తీసుకోండి అని. మనవాళ్ల సంగతి నీకు తెలీనిదేముంది, ఎదిగే పిల్లలకి రెండు సైజులు పెద్దది కుట్టించేసే బుద్ధి గదా.

షాపతను మంచివాడే, గ్యారీ అనీ బొద్దుగా ఉండేవాడు. ఎక్కడ నడుపుతారు అనడిగేడు. ఈయన, ట్రైల్ మీదా, కొండల మీదా అన్నారు. ట్రైల్ అంటే అడవిలో ఈ బళ్ల కోసం వేసిన మంచుదారి. మిషిగన్‌లో కొండలెక్కడున్నాయి చెప్పు? ఎప్పటికైనా పడమటి రాష్ట్రాలకెళ్లి పెద్ద కొండలెక్కాలని ఆయన ఆశ. గ్యారీ చెప్పేడు పాపం, రెండిటికీ ఒకే బండి కుదరదు, మొదటిసారి గనక ట్రైల్ బండి తీసుకోండి, కొండలకెళ్లిన రోజున అక్కడ అద్దెకి దొరుకుతుంది అని. ఈయన నాతో తెలుగులో, చూసేవా, అమ్ముడుపోని సరుకు మనకి అంటగడతన్నాడు అన్నారు. కొండలెక్కే బండే తీసుకున్నారు. పొడుగ్గా, ఎర్రగా, చూడ్డానికి మా బాగుండేది.

నేను చూసింది ఒకటే, సీటు. పొట్టిగా ఉంది. ఏవండీ, వెనక సీటు తర్వాత వేయించుకోవాలా అనడిగేను. మనకక్కడ అలవాటు అదే గదా, బండి ఒకచోట కొనడం, వెనక సీటు, స్టెప్నీ, ఫుట్‌రెస్టు, చీర పడకుండా జాలీ, అన్నీ బయట షాపులో బిగించుకోడం. ఆయన కూడా అలాగే అనుకుని, వేయిద్దాంలే అన్నారు. అంత పెద్ద ఇంజనీరుకి, బండంటే ఇద్దరెక్కేదే అని మనసులో పడిపోయింది. పట్టీలో ఎన్నో గడులు వేసేరు గానీ, ఎంతమంది కూర్చుంటారన్న గడి వెయ్యలేదు.

ఇంటికి తెచ్చేక పాస్టరుగారొచ్చి ఇంటిముందు డ్రైవ్‌వేలో బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేరు. ఆ చలిలో ఆయన నిర్గమకాండం నుంచి మొదలెట్టేరు. మేమందరం గడ్డకట్టుకుపోయి ఆమేన్ అన్నాం.

జనవరిలో నార్త్‌కి వెళ్లేం. ఆ సూట్లు, బూట్లు, హెల్మెట్టు వేసుకుని నేను తయారు. ఆయన ఎక్కేరు. నేనెక్కడెక్కాలి? కాస్త జరగండి అన్నాను, జరిగేరు, అయినా చోటు లేదు. పక్కన పార్కింగ్‌లో ఒకాయన చూసి పరిగెత్తుకొచ్చి, వద్దమ్మా, ఇది ఒక్కరికే చేసిన బండి, పడిపోతారు అన్నాడు. మా చుట్టూ అందరూ జంటలు జంటలుగా వెళ్తన్నారు, ముందొకరు వెనకొకరు. నువ్వు కార్లో కూర్చో, ఒక్క రౌండేసి వస్తాను అని ఆయన వెళ్లిపోయేరు.

ఎంతసేపో పట్టలేదు, బండి పక్కన నడుచుకుంటూ వచ్చేరు. వేడెక్కిపోయిందంట. ఆ బండి కింద రబ్బరు పట్టా ఒకటి తిరుగుతుంది, అది మెత్తటి మంచు ఎగజిమ్ముతుంటే దానితో ఇంజను చల్లబడుతుంది. ట్రైల్ మీదేమో మంచు అణిచేసి రోడ్డులా గట్టిగా ఉంటుంది, జిమ్మడానికేం దొరుకుతుంది? చిన్న చిన్న బళ్లవాళ్లు హాయిగా పోతుంటే, ఈయన చేతుల్తో మంచెత్తి దాని నెత్తిన పోస్తన్నారు. వేరే రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

తిరిగి వచ్చేటప్పుడు ఆయనే, ఎందుకేడుస్తున్నావు, బండి పాడవలేదులే అన్నారు. అప్పుడింక ఆపుకోలేకపోయేను. "నాకు బండెందుకండీ? మీ వెనక కూర్చుందామని వచ్చేను" అన్నాను.

పై శనివారం గ్యారీ దగ్గరికి తీసుకెళ్లి బండి ఇచ్చేసేరు. దాని బదులు ఇద్దరెక్కే ట్రైల్ బండి తెచ్చేరు, వెనక ఆనుకునే సీటు, చేతులు పెట్టుకునేచోట కూడా వేడి వస్తుంది. చర్చిలో అందరూ, అదేంటన్నగారూ, పెద్దదిచ్చి చిన్నది తెచ్చుకున్నారు అని నవ్వేరు. కారణం మాత్రం చెప్పలేదాయన.

మొదటిసారి వెనకెక్కి కూర్చున్నానా, ఎన్ని కబుర్లు దాచుకున్నానో. ఏవండీ అన్నాను. వినపడితేగా! ఆయన తలకి హెల్మెట్టు, నా తలకి హెల్మెట్టు, మధ్యలో ఆ ఇంజను రొద. ఉసూరుమంది ప్రాణం. కానీ నోరు ఊరుకుంటుందా, చెప్పుకుంటూ పోయేను. వినపడదని తెలిసేక ఇంకా బాగా చెప్పేను. ఈ దేశం వచ్చిన కొత్తలో ఎంత భయపడ్డానో, మా అమ్మ పోయినప్పుడు వెళ్లలేకపోయినందుకు ఆయన మీద ఎంత కోపం పెట్టుకున్నానో, ఆ కోపం ఎప్పుడు పోయిందో. ముఖం చూస్తే ఒక్కటీ చెప్పలేను. ఆ చెట్ల మధ్యన, తెల్లటి దారిలో, ఆయన వీపుకి చెప్పేను. బండాపి, ఏంటీ, ఏదో అన్నావా అంటే, ఏం లేదండీ అనేదాన్ని. ప్రతి చలికాలం అంతే.

కొండల ఆశా తీర్చుకున్నారు. చాన్నాళ్ల తర్వాత ఆఫీసువాళ్లతో వెళ్లి, గ్యారీ చెప్పినట్టే అద్దెకి తీసుకుని ఎక్కేరు. ఎలా ఉందండీ అంటే, బ్రహ్మాండం, వీపొక్కటే చలేసింది అన్నారు. నీకు చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ మాటకి నేను ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఇంక మా ఆఖరిసారి. ఆఖరిదని అప్పుడు తెలీదు గదా. దారిలో పెట్రోలు కోసం ఆగేం. నేను హెల్మెట్టు ముందు తీసేను, ఆయన ఇంజను ఆపేరు. ఆపేసరికి ముందు నుంచి మాట వినపడింది, "...అందుకే ఆ ఉద్యోగం మాని మన ఊరికి పోలేకపోయేను, నువ్వు మళ్లీ ఆ పదిమందిలోకి వెళ్లి..." అని.

"ఎవరితోనండీ?"

"ఇంకెవరితో? నీతోనే."

"ఎప్పట్నుంచీ?"

"మొదటిరోజు నుంచీ" అన్నారు, హెల్మెట్టు తియ్యకుండానే.

అన్నేళ్లూ ఇద్దరం చెప్పుకుంటూనే ఉన్నాం సౌమ్యా, ఒకరికీ వినపడలేదు. అక్కడే నిలబడి నవ్వేం, కళ్లమ్మట నీళ్లొచ్చేలా. ఏమేం చెప్పేరో చెప్పండీ అంటే, మళ్లీ మొదట్నుంచీ ఎలా చెప్పనే, ఇంటికెళ్లేక ఒక్కొక్కటీ చెప్తాలే అన్నారు. చెప్పేరు. వేసవిదాకా కొన్ని చెప్పేరు. తర్వాత ఆసుపత్రులు, నీకు తెలుసుగా. చాలా మిగిలిపోయేయి.

అయ్యో, టీ చల్లారిపోయింది, ఉండు వేడి చేస్తాను. వద్దా? సరే. ఇద్దరెక్కేదే కొనుక్కోండి తల్లీ. కొండలు అద్దె బండి మీద చూసి రండి. ఇప్పుడు హెల్మెట్లోనే మైకులు వస్తన్నాయంటగా, మంచిదే, అవీ తీసుకోండి. పచ్చగా ఉండండి, ప్రభువు మిమ్మల్ని నిండు నూరేళ్లూ ఒక బండి మీదే తిప్పాలి. బండి దిగేక మాత్రం, దారిలో అన్నదేదో ఇంకొక్కసారి చెప్పుకోండమ్మా...