అరక్షణం ఆలస్యంగా తిరిగే మనిషి: శ్రీ బటుక్‌నాథ్ నామ్‌దేవ్ గారు

1973 జూన్ పద్దెనిమిదవ తేదీ, సోమవారం నాడు, సాగర్ పట్టణం నుండి వచ్చిన ఇరవై నాలుగేళ్ల యువకులొకరు, అప్పట్లో దాదర్‌లో రెండు ఇరుకు గదుల్లో నడుస్తున్న మన సహాయ నటుల సంఘంలో సభ్యులుగా చేరారు. సభ్యత్వ పుస్తకంలో వారి పేరు బటుక్‌నాథ్ నామ్‌దేవ్ అనీ, వృత్తి అనే గడిలో ‘దర్జీ’ అనీ నమోదైంది. ఆ మాటను కొట్టివేసి ‘హాస్యనటుడు’ అని దిద్దడానికి మూడేళ్లు పట్టింది. ఈ మార్చి ముప్పై ఒకటిన వారు స్వచ్ఛందంగా విరమిస్తున్న సందర్భంలో, వారు చేరిన నెలలోనే సంభాషణల సహాయకుడిగా చేరి జీవితమంతా వారి పక్కనే నిలబడిన నన్ను మన సంఘ పత్రికలో నాలుగు మంచి మాటలు రాయమని కార్యవర్గం ఆదేశించింది. నాలుగింటితో సరిపెట్టడం నా వల్ల కాలేదు. రాసినవన్నీ మంచి మాటలూ కావు. సహృదయులు మన్నింతురు గాక.

బటుక్ భాయ్ తండ్రిగారు సాగర్‌లో రామలీల బృందాలకు దుస్తులు కుట్టేవారు. రావణుడి చొక్కా బిగుతైతే జనం నవ్వుతారని, వదులైతే జాలిపడతారని బాల్యంలోనే గ్రహించిన వీరు, చిత్రసీమకు వచ్చాక తమ వేషాలకు తామే సూది పట్టారు. ప్యాంటు రెండు వేళ్లు పొట్టి, కోటు ఒక గుండీ పెద్దది. ఆ కొలతతో కెమెరా ముందుకు వచ్చి నిలబడితే చాలు, మాట అక్కర్లేకుండానే నవ్వు పుట్టేది. బూరెల్లాంటి బుగ్గలు చూసి తొలి దర్శకుడు పెట్టిన పేరు ‘గుల్‌గులా’, అంటే తీపి బూరె. నౌకరుగా, పురోహితుడిగా, పిరికి కానిస్టేబులుగా, పెళ్లికాని మేనమామగా పదేళ్లలో నూటపన్నెండు చిత్రాల్లో నటించారు. కథకు ఊపిరాడని ప్రతి చోటా వీరిని పిలిచేవారు. ఏ చిత్రంలోనూ గోడపత్రిక మీద వీరి ముఖం పడలేదు. ఏ చిత్రంలోనూ వీరు కనబడగానే హాలు నవ్వకుండా ఉండలేదు.

1985 దీపావళికి ముందు తీసిన ఒక సన్నివేశంలో, తలమీద బోర్లించిన కుండలో టపాకాయలు పేలాలి, వీరు ఉలిక్కిపడాలి. ముఖం ఇంకా బెదరాలంటూ దర్శకుడు ఏడుసార్లు తీయించాడు. ఏడోసారి అందరూ చప్పట్లు కొట్టారు. కుండ తీసి, మసి తుడుచుకుని, పావుగంట తర్వాత నా దగ్గరికి వచ్చి నవ్వుతూనే అడిగారు.

“ఇంకా పేలుతూనే ఉన్నాయేంట్రా దత్తూ?”

అప్పటికి సెట్లో అగ్గిపుల్ల కూడా వెలగడం లేదు.

ఎడమ చెవి ఆ రోజే పోయిందనీ, కుడి చెవి నరం కూడా దెబ్బతిన్నదనీ, అది ఒకటి రెండేళ్లలో క్రమంగా మూతపడుతుందనీ వైద్యులు తేల్చారు. ఆసుపత్రి మెట్లు దిగుతూ బటుక్ భాయ్ నా చెయ్యి పట్టుకున్నారు.

“ఎవరికీ చెప్పకు. కమలేశ్‌కి కూడా చెప్పకు.”

“వదినకి చెప్పకపోతే ఎలా భాయ్?”

“ఆడది ఏడుస్తుంది. ఏడిస్తే పక్కింటికి తెలుస్తుంది. పక్కిల్లు ఎవరిదో తెలుసుగా, కెమెరామన్‌ది. చెవిటివాడి వేషం చూసి జనం నవ్వుతారు దత్తూ, కానీ నిజం చెవిటివాడికి వేషం ఎవడిస్తాడు?”

నేను ఒప్పుకున్నాను. స్నేహం కోసమే ఒప్పుకున్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి వీరు ఏ చిత్రానికి సంతకం చేసినా సంభాషణల సహాయకుడిగా నన్ను పెట్టాలని కోరేవారు. వీరి రహస్యంలో నా ఉద్యోగం కూడా దాగి ఉంది. ఈ మాట అచ్చులో పడాలనే రాస్తున్నాను.

తదుపరి తొమ్మిదేళ్లు మేమిద్దరం ఒక మనిషిగా బతికాం. వారు పెదవుల కదలికను చదవడం నేర్చుకున్నారు. తోటి నటుడు వెనక నుండి మాట్లాడే చోట నేను కెమెరా పక్కన నిలబడి, అతడి మాట పూర్తికాగానే మెడ గోక్కునేవాణ్ని. ఆ సైగ చూసి వీరు తిరిగేవారు. సైగ అందుకోవడంలో అరక్షణం ఆలస్యమయ్యేది. వినవలసిన ఘోరమైన వార్త విని, అరక్షణం శూన్యంగా చూసి, అప్పుడు అదిరిపడే ఆ ముఖం దేశమంతటా పేరు తెచ్చుకుంది. పత్రికలు ఆ విరామాన్ని నటనా రహస్యమని కీర్తించాయి. కుర్ర నటులు అద్దాల ముందు సాధన చేశారు. ఒక సభలో సన్మానపత్రం మీద ‘అరక్షణపు చక్రవర్తి’ అని రాశారు. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, “చూశావా, చెవుడికి బిరుదొచ్చింది” అన్నారు. డబ్బింగ్ గదిలో చెవులకు యంత్రం తగిలించుకుని వింటున్నట్టు నటించేవారు. చీకట్లో పక్కన కూర్చుని నేను భుజం తడితే మాట అందుకునేవారు.

ఈ ఏర్పాటుకు మూల్యం చెల్లించింది శ్రీమతి కమలేశ్ గారు. పిలిస్తే పలకని భర్త, చెప్పింది సగం వదిలేసి ఇంకేదో జవాబిచ్చే భర్త, కూతురు విభ బడిలో పద్యం పోటీలో గెలిచి వచ్చి ఇంట్లో చదివి వినిపిస్తుంటే గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్న భర్త. ఒకసారి నేను టీ తాగుతుండగా వంటగది గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి అడిగారు.

“దత్తూ, నిజం చెప్పు. ఈయనకి ఎవరైనా ఉన్నారా?”

“అయ్యో వదినా, అలాంటిదేం లేదు.”

“మరి నా గొంతు వింటే ఎందుకంత విసుగు?”

ఆయన మూడడుగుల దూరంలో కూర్చుని వేరుశెనగలు వలుస్తున్నారు. నేను టీలో చక్కెర ఎక్కువైందని ఏదో అన్నాను.

1995 జనవరిలో ఆ రోజు వచ్చింది. గోరేగావ్ వైపు ఒక స్టూడియోలో చిత్రీకరణ. బటుక్ భాయ్ నిచ్చెన భుజాన వేసుకున్న రంగులవాడు. యజమాని వెనక నుండి పిలిచినప్పుడల్లా వీరు గిర్రున తిరగాలి. నిచ్చెన చివర తగలకుండా పనిమనిషి వంగాలి. పనిమనిషి వేషంలో కుల్సుమ్ ఆపా. మన సంఘంలో ముప్పై ఏళ్లుగా ఉన్న గుంపు కళాకారిణి, యాభై దాటిన మనిషి. రెండు అభ్యాసాలు చక్కగా జరిగాయి. ఆపైన దర్శకుడు నన్ను ఒక సంభాషణ కాగితం మార్చి రాయించుకురమ్మని కార్యాలయానికి పంపాడు. నేను లేనప్పుడు, కెమెరా వెనక నుండి కేకేసి చెప్పాడట: “మూడో పిలుపుకి తిరక్కు గుల్‌గులా భాయ్, ఆపా గ్లాసుల పళ్లెంతో లేచి నిలబడుతుంది!” బటుక్ భాయ్ తల ఊపారు. వినబడని ప్రతి మాటకూ అలాగే తల ఊపడం వారికి అలవాటు. నేను లేని చోట అడుగులు లెక్కపెట్టి తిరగడం కూడా అలవాటే.

కాగితంతో నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి నిచ్చెన ఆపా నుదుటికి తగిలింది. గ్లాసులు ఎగిరాయి. యూనిట్ అంతా పగలబడి నవ్వింది, ఎందుకంటే అది చూడటానికి నిజంగా నవ్వొచ్చేలా ఉంది. జనం నవ్వడం చూసి, షాట్ బాగా వచ్చిందనుకుని, బటుక్ భాయ్ తమ ప్రసిద్ధమైన అరక్షణపు ముఖం పెట్టి అలాగే నిలబడ్డారు. వారి వెనక ఆపా నేలమీద ఉంది. నెత్తురు గాజుపెంకుల మధ్యకు చేరేదాకా నవ్వు ఆగలేదు.

ఆపాను ఆసుపత్రికి తీసుకెళ్లాక నిర్మాణ నిర్వాహకుడు తీర్పు చెప్పేశాడు. “ముసల్ది తొందరపడి ముందే లేచింది.” అందరూ తలూపారు. మేకప్ గదిలో తలుపు వేసి, బటుక్ భాయ్‌కి ఎదురుగా కూర్చుని, పెదవులు స్పష్టంగా కదిపి చెప్పాను.

“మీరేం మాట్లాడకండి భాయ్. ఆపా ముందే లేచిందని అందరూ అంటున్నారు.”

“ఆపా ఏమంటోంది?”



మర్నాడు ఉదయం యూనిట్ అంతా అటుకుల పోహా ప్లేట్లతో నిలబడి ఉండగా వారు మధ్యలోకి వచ్చారు. “కుల్సుమ్ ఆపా తప్పు లేదు. నాకు వినబడదు. తొమ్మిదేళ్లయింది” అన్నారు. అందరూ నవ్వారు. దర్శకుడు తొడ కొట్టుకుని “అబ్బ, ఏం ముఖం పెట్టాడయ్యా!” అన్నాడు. రెండోసారి చెప్పారు. నవ్వు పెరిగింది. హాస్యనటుడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటుందని నేననుకోను. అప్పుడు వారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

“పిలవండి. ఏ పేరుతోనైనా పిలవండి. బూతులు తిట్టండి.”

లైట్లు పట్టే కుర్రాడొకడు నవ్వుతూ “ఏయ్ గుల్‌గులా!” అన్నాడు. ఇంకొకడు తల్లిని తిట్టాడు. దర్శకుడు చేతిలోని ప్లేటును నేలకేసి కొట్టాడు. ఆ వీపు కదల్లేదు. ఒకరి తర్వాత ఒకరు నవ్వడం మానేశారు. అంతా నిశ్శబ్దమైపోయిన సంగతి వారికి తెలియదు. నేను వెళ్లి భుజం తట్టేదాకా గోడవైపే నిలబడ్డారు.

మధ్యాహ్నానికి వార్త ఇంటికి చేరింది. కమలేశ్ వదిన రెండు చేతులతో భర్త చెవులు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. లేచాక నావైపు తిరిగింది.

“తొమ్మిదేళ్లు నా ఇంట్లో టీ తాగావు దత్తూ.”

ఆ తర్వాత నాలుగేళ్లు నేను ఆ గడప తొక్కలేదు. ఈ సంచిక ముఖంగా ఆమెకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

బటుక్ భాయ్ ఊహించినట్టే జరిగింది. నిజం తెలిశాక ఆ అరక్షణం ఎవరికీ నవ్వు తెప్పించలేదు, జాలి కలిగించింది. జాలి కలిగించే హాస్యనటుణ్ని ఎవరు పిలుస్తారు? రైల్లో నిద్రపోయే ప్రయాణికుడు, చావింట్లో మూల కూర్చున్న ముసలాయన, రెండుసార్లు పాడెమీద శవం. మాట లేని వేషాల్లో పదిహేడేళ్లు గడిపారు. శవం వేషానికి కూడా తమ చొక్కా తామే కుట్టుకున్నారు.

కుల్సుమ్ ఆపా మళ్లీ సెట్టుకు రాలేదు. గోడ పట్టుకోకుండా నడవలేకపోయింది. మాల్వణీలోని ఆమె గదికి బటుక్ భాయ్ ప్రతి గురువారం వెళ్లి, బట్టలు కుట్టిపెట్టి, ఎదురుగా కూర్చునేవారు. ఒకసారి నేనూ ఉన్నాను. ఆపా దుప్పటి సర్దుకుంటూ తిట్ల దండకం మొదలుపెట్టింది.

“నీ చేతులు పడిపోను, నా బతుకు నేలపాలు చేశావు కదరా దర్జీ నాయాలా! వినబడదని ధీమాగా కూర్చున్నావా?”

“పెదాలు చదువుతున్నా ఆపా. కాస్త మెల్లగా తిట్టు, సగం పోతున్నాయి.”

ఆమె నవ్వబోయి, ఆ దెబ్బకు చచ్చుబడిన ఎడమ చెంప కదలక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు. వీరు అడగనూ లేదు. 2009లో ఆమె మరణించే వరకు గురువారాలు సాగాయి.

ఇప్పుడు మధుమేహం వారి కళ్లలోకి దిగింది. ఎదుటి మనిషి పెదవులు మసకబారుతున్నాయి. ఈ విరమణకు అసలు కారణం అదే. వచ్చే నెలలో కుడి కంటికి శస్త్రచికిత్స. భయంగా ఉందా అని కాగితం మీద పెద్దగా రాసి అడిగాను. “విభ కూతురికి మాటలొచ్చాయి. ఏం మాట్లాడుతోందో చూడాలిరా” అన్నారు.

కావున మిత్రులారా, మన సన్మాన సభలో ఉపన్యాసాలు తగ్గించండి. చెప్పదలచినది వారి అరచేతిలో వేలితో రాయండి. చప్పట్లు కొట్టేవారు వారి వెనక నుండి కాక, ఎదురుగా, దగ్గరగా నిలబడి, చేతులు తలకంటే పైకెత్తి కొట్టండి. శ్రీ బటుక్‌నాథ్ నామ్‌దేవ్ గారికి ఆరోగ్యం కుదుటపడాలనీ, ఆయుష్షు పొడుగునా చూపు మిగిలి ఉండాలనీ, కమలేశ్ వదిన ముఖమూ, విభ ముఖమూ, ఆ పసిదాని పెదవులూ వారికి చిట్టచివరి రోజు దాకా స్పష్టంగా కనబడాలనీ మనసారా కోరుకుంటున్నాను.

దత్తారాం పెడ్నేకర్
సంభాషణల సహాయకుడు