కలరా ఉండల వాసన

తలుపు తియ్యవేటే సిలకా? వన్ టౌన్ నుంచి రెండు బస్సులు మారొచ్చినాను, మోకాళ్లు లాగేత్తన్నాయి. సొంత మేనత్తని, నీ మొగుడి తల్లిని, గుమ్మంలో నిలబెడితే పద్మనాభం ఊరంతా నవ్వదేటి?

పోన్లే, తియ్యకు. ఏడో నెల కడుపుతో ఉన్నదానివి, అక్కడే కూకో. ఇను సాలు.

మీ నాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు. మీ అమ్మ పెద్దాస్పత్రిలో పక్కనే ఉంది. మలేరియా జొరానికి మాత్రలేసుకున్నాడు గదా, మూడోనాటికి ఉచ్చ నల్లగా, టీ డికాషన్‌లాగ. కళ్లు పచ్చగా. ఓలమ్మో! ఆ రంగు మనకి తెల్సు గదే.

నీ తొలిసూలు బిడ్డ, మన గుంటడికీ అదే రంగు. కళ్లెదుటే పోనాడు. అప్పుడు నానేటన్నాను? మీ అమ్మోళ్ల పాడు రక్తం అన్లేదూ? రెండోదీ పోతే నా కొడుక్కి మారుమనువు సేత్తాను అన్లేదూ? అన్నాను. వీధి వీధంతా ఇనేలాగ అన్నాను.

డాక్టరు సెప్పినాడే. ఆ రక్తం మీ నాన్నకి మా అమ్మ దగ్గర్నించి వచ్చిందంట. ఆడి నించి నీకు, నీ నించి గుంటడికి. మీ అమ్మోళ్లు ఏ పాపం ఎరగరు.

"అయితే పుట్టగానే రాసిపెట్టేసినట్టేనా బాబూ?" అనడిగినాను. కాదంట! ఆ రక్తంతోనే నిండా నూరేళ్లు బతకొచ్చంట. కొన్ని మాత్రలు, కలరా ఉండలు, అలాంటివి తగిల్తేనే రక్తం ఇరిగిపోద్దంట.

కలరా ఉండలు!

పురిటిబిడ్డకి కొత్తబట్ట కట్టకూడదని, కలరా ఉండలేసిన పెట్టెలోంచి మా అమ్మ పాతసీర తీసి సుట్టినాను. "అత్తా, వాసన ఘాటుగుంది, ఉతికి ఎండలో ఏద్దాం" అన్నావు నువ్వు. ఉతికితే మా అమ్మ సేతివాసన పోద్ది, నోర్ముయ్ అన్నాను నాను. ఎనిమిది రోజులు అందులోనే పడుకోబెట్టినాను. డాక్టరు ఆ మాటన్న కాణ్ణించీ అన్నం కలిపితే నా సేతికి అదే వాసన.

ఈ సీర సంగతి ఎవులికీ సెప్పలేదు. నీ మొగుడిక్కూడా.

ఏడుత్తన్నావేటి? ఏడు. తిట్టు. ఈ మొకం సూడనంటే సూడకు. కానీ ఈసారి ఉతికి ఆరేసిన బట్టే కట్టు. ఏ మాత్రయినా డాక్టరుకి ఈ సంగతి సెప్పాకే మింగు, బిడ్డకయినా అంతే. మారుమనువు ఊసు నానింకెత్తను.

రక్తం మా అమ్మది, సీరా మా అమ్మదే. రెండూ కలిపి గుంటడికి సుట్టింది మాత్రం నానే, సిలకా.