పడమటికి నాలుగడుగులు

గురువారం సాయంత్రం ఖతర్‌లో, అల్ వుకైర్ అవతలి లేబర్ క్యాంప్ గేటు ముందు, కరక్ ఛాయ్ కొట్టు దగ్గర పోశన్న మాట అందుకున్నాడు. వారం కింద కొత్తగా దిగిన ఎలక్ట్రీషియన్ రత్నాకర్, నిర్మల్ నుంచి వచ్చిన డ్రైవర్ ఇక్రాముద్దీన్ ఎదురుగా కూర్చున్నారు. కొంచెం ఎడంగా, మెస్సులో వంట చేసే తిరుమల్ కాక గ్లాసు ఊదుకుంటున్నాడు.

ఇగ విను రత్నాకర్. రేపు నేపాలోళ్లతోని ఫైనల్. పొద్దుగాల ఐదింటికి లేచి నువ్వు నాతోని రావాలె. బౌండరీ రాళ్లు ఇంకో ఆరడుగులు పడమటికి జరపాలె. ఎందుకంటవా? మూడేండ్ల కింద ఈ క్యాంపుకొచ్చిననాడు మనకు క్రికెట్ ఆడేటందుకు జాగనే లేకుండె. వెనుకున్న మైదానంల నేపాలోళ్లు ఆడుతుండిరి, బంగ్లావాళ్లు ఆడుతుండిరి. మనకు బాత్‌రూంల పక్కన బెత్తెడంత ముక్క. మన పేరు గూడ ఎవనికి ఎరుకలేకుండె, "ఏయ్ ఇండియా" అని పిలుసుడే. ఒక శుక్రవారం నాకు మండింది. రాయి ఒకటి ఎత్తి నాలుగడుగులు పడమటికి వెట్టిన. గంతే, నాలుగే అడుగులు.

"అటు ఎవరూ లేకుండెనా అన్నా?" అన్నాడు రత్నాకర్.

ఎవరుంటరు? ఇసుక. అరబ్బోళ్లన్నట్టు మాఫీ, ఏం లేదు. తిరుమల్ కాకా, నీ ఛాయ్ సల్లారుతది, తాగు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో శుక్రవారం ఎనిమిదడుగులు. ఆ మీదటి వారం నలభై. జాగ పెరిగినకొద్ది మనోళ్ల ఛాతులు పెరిగినయ్. కోరుట్లోడు, ఆర్మూరోడు, బోథోడు అని ఎవని గుంపుల వాడు కూసునేటోళ్లు ఒక్క దగ్గర కూసునుడు వెట్టిండ్రు. ఎవడో లుంగీ చింపి జెండా కట్టిండు. ‘పడమటి పులులు’ అని పేరు వెట్టుకున్నం, టీషర్టులు కొట్టించినం. రాళ్లు జరుపుకుంట జరుపుకుంట మనమొక దేశమైనం తమ్మీ, నమ్ముతవా? అంతకుముందు మనం ఎవ్వలం గాదు.

ఒకనాడు రోడ్డుకు అడ్డం వెట్టే కాంక్రీటు దిమ్మె దారికొచ్చింది. క్రేన్ ఆపరేటర్ నాతోని గాదని దండం వెట్టిండు. నేను ఎడమ చేత్తోని లేపిన. కుడి చేతిల ఛాయ్ ఉండె, ఒక్క చుక్క ఒలకలే.

"ఛాయ్ తాగేసి ఉంటవ్," అన్నాడు ఇక్రాముద్దీన్.

నువ్వాగు భాయ్. గ్రౌండు ఎంత పెద్దగైందంటే, పొద్దు మన రాళ్లు దాటిపోయి గుంకాలె గద, రోజూ పావుగంట లేటు. ఓవర్‌టైం ఎవడిస్తడని సూర్యుడే మన కంపెనీ ఆఫీసుల అర్జీ వెట్టుకున్నడు. ఇగ నేను కొట్టిన సిక్సర్ ఎడారి దాటి సౌదీల పడ్డది. చెక్‌పోస్టోళ్లు బంతిని ఆపి, దేశంల ఉండనిచ్చే కార్డు, అకామా అడిగిండ్రు. మూడు రోజులు కూసోవెట్టి, స్టాంపు గొట్టి వాపస్ పంపిండ్రు. ఆ స్టాంపు ఇప్పటికీ నా పెట్టెల ఉన్నది.

రత్నాకర్ నవ్వాడు. నవ్వి, మళ్లీ అదే అడిగాడు. "గంత జాగల ఒక్కడు గూడ లేకుండెనా అన్నా?"

ఖాళీ అన్న గద. ఎన్నిసార్లు అడుగుతవ్? మనకోసమే ఖాళీగ ఉండె అనుకో.

ఇక్రాముద్దీన్ గ్లాసు కింద పెట్టాడు. "పోశన్నా, నిరుడు నీకు వారం రోజులు జ్వరమొచ్చింది. ఏం వెట్టినా కక్కుతుంటివి. పుంటికూర పప్పు చేస్తే రెండు పల్లేలు తిన్నవ్. ఆ కూర ఏ దుకాణంలది?"

పోశన్న తన గ్లాసు అందుకున్నా ఇక్రాముద్దీన్ ఆగలేదు.

"ఊరికెల్లి గింజలు మూటగట్టుకొచ్చి, ఏసీల కెల్లి కారే నీళ్లు రంగు డబ్బాలల్ల పట్టి, ఆ ఇసుకల పెంచింది ఈ కాకనే. నువ్వు రాయి జరిపినప్పుడల్లా మిగిలిన మొక్కలు పీకి పడమటికి నాటుకున్నడు. ఐదుసార్లు. ఖాళీ అనకు భాయ్."

పోశన్న గొంతు తగ్గింది.

నాకు ఎరుకనే. మొదటి శుక్రవారంనుంచే ఎరుక. రాయి వెట్టేటప్పుడు రెండు మొక్కలు నా కాలి కిందనే నలిగినయ్. ఐదింటికే ఎందుకు జరుపుతననుకున్నవ్ రత్నాకర్? కాక ఆ యాళ్లకు మెస్సుల ఉంటడు గనక. ఇయ్యాల ఇన్నిసార్లు ఖాళీ అన్నది నీకు చెప్పేటందుకు గాదు, నాకు నేను చెప్పుకున్న. సిగ్గైతున్నది కాకా. ఇందాకటి సంది నీ మొఖం దిక్కు సూడలే.

తిరుమల్ కాక గ్లాసు ఖాళీ చేసి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

"ఆరడుగులే గద బిడ్డా. ఈసారి ఒకరోజు ముందుగాల తెలిసింది, మంచిగైంది. ఇప్పుడే పోయి కూర మొత్తం తెంపుకొస్త. గెలిచినా ఓడినా రేపు అందరికి పప్పు వండుత," అని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "మళ్ల నాటుడు మాత్రం కాదు పోశన్నా. పడమటికి ఇగ గోడనే ఉన్నది."