పలక తీసేసిన ఊట

గలీసియా కొండల్లోని ఆ పల్లెలో, ఊట దగ్గర తగిలించిన ‘ఈ నీళ్లు తాగరాదు’ అన్న పలకను పన్నెండేళ్ల తర్వాత ఆ ఉదయం తీసేశారు. కూజా పట్టుకుని అందరికంటే ముందొచ్చిన ముసలావిడ వెనకాలే ఆమె మరిది చేరాడు.

“రా మరిదీ! ఆవులు మేసే నేలలో చెట్లు నాటితే నాకు పిచ్చెక్కిందన్నావుగా?”

“అన్నాను వదినా. పేడా మూత్రం వానకి కొట్టుకొచ్చి ఊటలో కలుస్తుంటే, చెట్లేం ఆపుతాయిలే అనుకున్నా.”

“ఆపాయిగా! గడ్డి వేళ్లకి అందనంత లోతుకి దిగి, నీళ్లలో కరిగిన ఎరువంతా లాగేసుకున్నాయి. పరీక్ష కాగితం చూశావా?”

“చూశా. పసిపిల్లలకి కూడా పట్టొచ్చని రాశారు.”

“పైగా మా ఆవు ‘మరేలా’ మధ్యాహ్నమంతా నీడలో పడుకుని హాయిగా నెమరేస్తోంది. పాలు చుక్క కూడా తగ్గలేదు.”

“వదినా, ఒక మాట చెప్పాలి. మొదటి చలికాలంలో నీ మొక్కలు పీకేసింది అడవిపంది కాదు.”

“తెలుసు. అడవిపందులు రబ్బరు బూట్లు వేసుకోవుగా.”

“తెలిసీ ఎందుకు ఊరుకున్నావ్?”

“నీతో తగువు పెట్టుకుని కూర్చుంటే మళ్లీ నాటేదెవరు?”

అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“నా నేలలో కూడా నాటాలనుంది. దగ్గరుండి నాటిస్తావా?”

“చలికాలం రానీ, ఇద్దరం కలిసే నాటుదాం.”

ఆమె కూజా నింపి, ఎత్తిపట్టుకుని గటగటా తాగింది.

“ఎలా ఉన్నాయి వదినా?”

“ఇదిగో, నువ్వే తాగి చూడు. త్వరగా కానియ్యి, నీ వెనక ఊరంతా కూజాలతో నిలబడింది!”